ముందు మేల్కొన్న ఊరు

1977 నవంబరు 19. కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట, నదికీ కడలికీ నడుమ ఒదిగి ఉన్న దివిసీమలో వరిచేలు పండి కోతకు సిద్ధంగా ఉన్నాయి. ఆనాడు వీచిన పెనుగాలి వెంట సముద్రం కదలివచ్చింది. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన మైళ్ల దూరం భూమి మీదికి చొచ్చుకొని వచ్చి, పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి వంటి గ్రామాలను ముంచెత్తింది. మట్టిగోడలు, తాటాకు కప్పులు గల ఇళ్లు ఆ నీటి ముందు నిలువలేదు. అధికారిక లెక్కల ప్రకారమే మృతుల సంఖ్య పదివేల వరకు ఉన్నది. నిజానికి అంతకంటె ఎక్కువ మందే పోయారని ఆ ప్రాంత ప్రజల నమ్మకం. చెట్ల కొమ్మలను పట్టుకొన్నవారు, పక్కా కట్టడాల పైకెక్కినవారు మాత్రమే మరునాటి ఉదయాన్ని చూడగలిగారు.

ఆ విషాదం తెలుగువారి గుండెను కదిలించింది. అప్పటి రాష్ట్ర మంత్రి, దివిసీమ బిడ్డ మండలి వెంకటకృష్ణారావు సహాయ కార్యక్రమాలకు అండగా నిలిచారు. చలనచిత్ర నటులు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. ఎక్కడెక్కడి నుంచో స్వచ్ఛంద సేవకులు తరలివచ్చారు. కుళ్లిపోతున్న శవాలకు అంత్యక్రియలు జరిపారు. అన్నం వండి పెట్టారు. గుడిసెలు కట్టి ఇచ్చారు. మానవత్వం మీద నమ్మకాన్ని నిలబెట్టిన రోజులవి.

అయితే ఆ సేవానిరతిని ఎంత కొనియాడినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. నవంబరు 20 తరువాత దివిసీమకు వచ్చిన చేతులలో పదోవంతు నవంబరు 18న అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేది? ముసలివారిని మెరకకు నడిపించేవారు, పసిబిడ్డలను పక్కా భవనాలకు చేర్చేవారు, వాడవాడకూ తిరిగి హెచ్చరించేవారు గ్రామానికి పదిమంది చొప్పున ఉండి ఉంటే, అంత్యక్రియలకు అంతమంది అవసరమయ్యేవారా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి తెలుగువారికి సామెత ఉన్నది. సామెత ఉన్నంత మాత్రాన అలవాటు మారదు. ఆపద వచ్చాక కరిగే హృదయాలకు ఈ దేశంలో ఏనాడూ కొదువ లేదు. ఆపద రాకముందు కదిలే చేతులకే కొరత. స్వచ్ఛంద సేవ అనే మాటకు ఈ రెండవ అర్థాన్ని కూడా సంపాదించి పెట్టడం నేటి యువతరం కర్తవ్యం.

తుపాను చెప్పి వచ్చే చుట్టం. భూకంపంలా క్షణంలో విరుచుకుపడదు. వాయుగుండంగా పుట్టి, బలపడి, తీరం చేరడానికి సాధారణంగా రోజులు పడుతుంది. ఉపగ్రహాలు, రాడార్లు దాని అడుగుజాడలను గమనిస్తూనే ఉంటాయి. వాతావరణ శాఖ హెచ్చరిస్తూనే ఉంటుంది. కాని హెచ్చరిక వెలువడడం వేరు, అది మనిషికి చేరడం వేరు, చేరినదానిని మనిషి నమ్మి లేచి నడవడం వేరు. రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదానికి గుర్తులు. పదకొండవది సమాచార సంబంధాలు తెగిపోయాయనడానికి సంకేతం. రేడియోలో ఆ అంకె విన్నవారు ఎందరో ఉంటారు. దాని అర్థం తెలిసి మూట సర్దుకొనేవారు కొందరే. ఆ అంకెను ఊరి భాషలోకి మార్చి, ‘చీకటి పడక ముందే బడి మేడ మీదికి చేరుకోండి’ అని చెప్పగలిగే మనిషి కావాలి. అతడు ఊరివాడై ఉండాలి. పరాయివాడి కేక కంటె పొరుగువాడి పిలుపును మనిషి త్వరగా నమ్ముతాడు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పుదుచ్చేరి సమీపంలోని నల్లవాడు గ్రామం ఇందుకు నిదర్శనంగా నిలిచింది. ఆ ఊరి యువకుడొకడు సింగపూరులో ఉంటూ, టెలివిజన్‌లో వార్త చూసి ఇంటికి ఫోను చేశాడు. గ్రామస్థులు ఊరిలోని విజ్ఞాన కేంద్రంలో ఉన్న మైకు ద్వారా అందరినీ హెచ్చరించారు. ఇళ్లు, పడవలు దెబ్బతిన్నాయి కాని ప్రాణనష్టం తప్పింది. ఆ మైకు సునామీ కోసం పెట్టినది కాదు. సముద్రపు అలల ఎత్తు, చేపల వేట సమాచారం వంటి నిత్యావసర విషయాలు చెప్పడానికి పెట్టినది. రోజూ పనిచేసే ఏర్పాటే ఆపదవేళ పనికివచ్చింది. ఇండోనేషియాలోని సిమేలూ దీవిలో మైకు కూడా లేదు. 1907లో వచ్చిన సునామీ జ్ఞాపకాన్ని అక్కడి పెద్దలు ‘స్మాంగ్’ అనే మాటలో దాచి, పాటలుగా, కథలుగా పిల్లలకు అందించారు. భూమి గట్టిగా కంపించి, సముద్రం వెనక్కు తగ్గితే కొండెక్కమని ఆ కథల సారాంశం. 2004లో ఆ దీవిలోని సుమారు 78 వేల జనాభాలో మరణించినవారు ఏడుగురే. తాతలు చెప్పిన కథ అక్కడ రక్షక దళమై నిలిచింది.

ఒక ఊరు చేయగలిగిన దానిని ఒక దేశం కూడా చేయగలదని బంగ్లాదేశ్ నిరూపించింది. 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్తాన్‌ను తాకిన భోలా తుపాను మూడు లక్షల మందికి పైగా బలిగొన్నది. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన ఆ పేదదేశంలో 1972లో రెడ్‌క్రాస్ పూనికతో తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. తీర గ్రామాలలో స్వచ్ఛంద సేవకులను ఎన్నుకొని దళాలుగా తీర్చారు. హెచ్చరిక అందించడం, ఆశ్రయ భవనాలకు చేర్చడం, రక్షించడం, ప్రథమ చికిత్స చేయడం వంటి పనులను విభజించి ఇచ్చారు. వారి ఆయుధాలు ఆడంబరమైనవి కావు. ఒక రేడియో, ఒక మెగాఫోను, సంకేతపు జెండాలు, ఒక సైకిలు. ఫలితం ఒక్కరోజులో రాలేదు. 1991 తుపానులో కూడా లక్షకు పైగా జనం మరణించారు. ఆశ్రయ భవనాలు చాలక కొందరు, మాట నమ్మక కొందరు, ఇల్లు విడిచి రాలేక స్త్రీలు ఎందరో బలయ్యారు. ఆ లోపాలను ఒక్కొక్కటిగా సరిదిద్దుకొంటూ వచ్చిన ఆ దేశంలో, 2007లో వచ్చిన సిద్ర్ తుపాను మృతుల సంఖ్య మూడున్నర వేల లోపునకు తగ్గింది. నేడు అక్కడి సేవకుల సంఖ్య డెబ్బయి వేలు దాటింది. వారిలో సగం మంది స్త్రీలు. సంపద కంటె సంసిద్ధతే ప్రాణాలను కాపాడుతుందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

తెలుగు తీరమూ ఈ పాఠాన్ని కొంత నేర్చుకొన్నది. 1990 మే నెలలో దాదాపు దివిసీమ తుపానంత తీవ్రమైన మరో తుపాను కృష్ణా తీరాన్నే తాకింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా ప్రజలను ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతులు వెయ్యి లోపే. పదమూడు సంవత్సరాల వ్యవధిలో సముద్రం మారలేదు, గాలి మారలేదు. మనుషుల నడవడి మారింది. అయితే నేర్చుకొన్న పాఠం మరుగున పడడానికీ ఎంతో కాలం పట్టలేదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా మరణించారు. వేటకు వెళ్లిన ఎందరో మత్స్యకారుల ఆచూకీ తెలియలేదు. గట్టు మీద ఉన్నవారికి అందిన హెచ్చరిక కడలి మీద ఉన్నవారికి అందనప్పుడు దానిని సంపూర్ణమైన హెచ్చరిక అనలేము.

పొరుగున ఉన్న ఒడిశా కథ మరింత స్పష్టమైనది. 1999 అక్టోబరులో వచ్చిన పెనుతుపానులో ఆ రాష్ట్రం దాదాపు పదివేల మందిని పోగొట్టుకొన్నది. ఆ దుఃఖం నుంచి ఆశ్రయ భవనాలు లేచాయి. ప్రతి భవనానికీ గ్రామస్థులతో సంఘాలు ఏర్పడ్డాయి. హెచ్చరికకూ, రక్షణకూ, ప్రథమ చికిత్సకూ యువకులు శిక్షణ పొందారు. 2013లో ఫైలిన్ తుపాను సమయంలో దాదాపు పది లక్షల మందినీ, 2019లో ఫణి తుపాను సమయంలో దాదాపు పన్నెండు లక్షల మందినీ తరలించగలిగారు. వేలల్లో పోయే ప్రాణనష్టం పదులకు తగ్గింది. 2020లో ఆ తీరంలోని వెంకటరాయపూర్, నోలియాసాహి అనే రెండు గ్రామాలను యునెస్కో ఆధ్వర్యంలోని సముద్ర విజ్ఞాన సంఘం సునామీకి సంసిద్ధమైన గ్రామాలుగా గుర్తించింది. నోలియాలంటే ఆ తీరాన తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ వస్తున్న మత్స్యకారులు. తప్పించుకొనే దారులను గుర్తించి పటాలు గీసుకోవడం, దారి పొడవునా గుర్తు పలకలు నాటడం, ఏడాదికొకసారైనా ఊరంతా కలిసి అభ్యాసం చేయడం వారు సాధించిన అర్హతలు. ఇందులో ఏ ఒక్కటీ కోట్ల రూపాయల పని కాదు.

‘ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని కదా! జీతాలు తీసుకొనే సిబ్బంది ఉండగా జీతం లేని యువకుల మీద ఈ భారం ఎందుకు?’ అని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో న్యాయం లేకపోలేదు. కరకట్టలను పటిష్ఠం చేయడం, ఆశ్రయ భవనాలు నిర్మించడం, కాలువల ఆక్రమణలను తొలగించడం నిస్సందేహంగా ప్రభుత్వ బాధ్యతలే. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. జాతీయ విపత్తు స్పందన దళం ఏర్పడింది. అవి తమ పని చేయకపోతే ప్రశ్నించడం కూడా పౌరుని సేవలో భాగమే. కాని ఎంత సమర్థమైన దళమైనా దూరం నుంచి రావలసిందే. దారులు తెగి, స్తంభాలు కూలి, ఫోన్లు మూగబోయిన తొలి గంటలలో మనిషి పక్కన ఉండేది మనిషే. 2018లో కేరళను వరదలు ముంచెత్తినప్పుడు తీర గ్రామాల మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా తమ పడవలను లారీల మీదికెక్కించుకొని ఊళ్లలోకి వచ్చారు. వేలాది ప్రాణాలను ఒడ్డుకు చేర్చారు. నీటి మీద పడవ నడపడం వారు బతుకులో నేర్చిన విద్య. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో చిక్కుకొన్నప్పుడు డ్రోన్లతో సైతం ఆహార పొట్లాలు అందించారు. కాని ఏ సందులో, ఏ అంతస్తులో, మంచం దిగలేని ముసలివారు ఉన్నారో డ్రోనుకు తెలియదు. అది ఎదురింటివారికి తెలుస్తుంది. ప్రభుత్వానికి బలం ఉన్నది, పొరుగువారికి పరిచయం ఉన్నది. రెండూ కలిసినప్పుడే రక్షణ పూర్తవుతుంది.

మరో ఆక్షేపణ దీనికంటె బలమైనది. శిక్షణ లేని ఉత్సాహం సాయం కాకపోగా భారమవుతుందన్నది దాని సారాంశం. ఇది కాదనలేని సత్యం. సునామీ తరువాత తమిళనాడు తీరానికి లారీల కొద్దీ పాత బట్టలు చేరాయి. తొడుక్కోవడానికి పనికిరాని ఆ గుట్టలు రోడ్ల పక్కన పేరుకుపోయాయి. వాటిని తొలగించడమే మరో పనిగా మారింది. ఇచ్చేవారి అటకలు ఖాళీ అయ్యాయి కాని పుచ్చుకొనేవారి అభిమానం గాయపడింది. మునుగుతున్న మిత్రుని కోసం ఈత రాని యువకుడు నీటిలోకి దూకి, ఇద్దరూ ప్రాణాలు కోల్పోయిన వార్తలు పత్రికలలో తరచు కనబడుతూనే ఉంటాయి. అతని త్యాగం గొప్పదే. కాని ఒడ్డున నిలబడి పొడవైన కర్రనో, చీరనో అందించడం, తాడు కట్టిన ఖాళీ డబ్బాను విసరడం అతనికి ఎవరైనా నేర్పి ఉంటే రెండు ఇళ్లలో దీపాలు ఆరేవి కావు. సేవకు మొదటి మెట్టు నేర్చుకోవడం. రక్తస్రావాన్ని ఆపడం, ఎముక విరిగినవారిని కదల్చకుండా మోయడం, తెగిపడిన విద్యుత్తు తీగకు దూరంగా ఉంచడం, తాగునీటిని కాచి ఇవ్వడం అభ్యాసం లేనిదే పట్టుబడే విద్యలు కావు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ‘ఆపద మిత్ర’ పథకాన్ని ప్రారంభించి, సాధారణ పౌరులకు ఇటువంటి శిక్షణ ఇవ్వసాగింది. తరువాతి కాలంలో దానిని ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. వంటి యువజన దళాలకు కూడా విస్తరింపజేయడానికి పూనుకొన్నారు. తెలియని చేతులు వద్దనడం కాదు, తెలియని చేతులకు తెలియజెప్పడమే ఈ ఆక్షేపణకు సరైన సమాధానం.

శిక్షణతో పాటు సేవకునికి మరొక గుణం అవసరం. అది సమదృష్టి. ఆపదలు అందరినీ ఒకే తీరున తాకుతాయని అనుకోవడం పొరపాటు. మేడలో ఉన్నవారికి వరద అసౌకర్యం. పల్లపు గుడిసెలో ఉన్నవారికి అది మృత్యువు. సునామీ తరువాత నాగపట్నం ప్రాంతంలో సహాయ పంపిణీలోనూ, శిబిరాలలోనూ కులవివక్ష తలెత్తిందని పరిశీలకులు నమోదు చేశారు. సముద్రం చూడని భేదాన్ని మనిషి చూశాడు. కనుక సహాయం మొదట ఊరి చివరి ఇంటికి చేరాలి. కౌలు రైతుకు, వలస కూలీకి, వికలాంగునికి, ఒంటరి స్త్రీకి అందాలి. ఆశ్రయ భవనంలో స్త్రీలకు ప్రత్యేకమైన గది, మరుగుదొడ్డి లేకపోతే వారు అక్కడికి రావడానికే వెనుకాడతారు. సేవాదళంలో స్త్రీలు ఉంటేనే ఇటువంటి విషయాలు ముందుగా గుర్తుకు వస్తాయి. బంగ్లాదేశ్ తన దళాలలో స్త్రీలకు సగం చోటు ఇవ్వడంలోని అంతరార్థం ఇదే.

ఆపదలన్నీ హోరుగాలితోనే రావు. 2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి రెండు వేల మందికి పైగా మరణించారు. ఏ గోడా కూలలేదు, ఏ కట్టా తెగలేదు. పొలాలలో, రోడ్ల పక్కన, రేకుల ఇళ్లలో మనుషులు నిశ్శబ్దంగా రాలిపోయారు. మృతులలో ఎక్కువ మంది కాయకష్టం చేసుకొనేవారు, వృద్ధులు. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టడం తెలుగునాట తరతరాలుగా వస్తున్న ఆచారం. దారిన పోయే దాహార్తునికి కులగోత్రాలు అడగకుండా మంచినీరు, మజ్జిగ ఇచ్చిన ఆ పందిరి నిజానికి ఒక విపత్తు నివారణ కేంద్రమే. ఆ పందిరిలో ఉప్పు, చక్కెర కలిపిన నీరు సిద్ధంగా ఉంచి, వడదెబ్బ లక్షణాలు గుర్తించగల ఇద్దరు విద్యార్థులు కూర్చొంటే, పాత ఆచారం కొత్త శాస్త్రంతో కలిసి ప్రాణాలు నిలుపుతుంది.

ఈ కార్యానికి విద్యార్థుల కంటె తగినవారు లేరు. 1969 సెప్టెంబరు 24న ప్రారంభమైన జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవకు వినియోగించాలన్నది నియమం. ఆ గంటలు మొక్కలు నాటి ఫోటోలు తీయించుకోవడంతో ముగిసిపోరాదు. నాటిన మొక్కకు మరునాడు నీరు పోయనివారు, రేపటి ఉప్పెనకు ఈనాడు సిద్ధం కాగలరా? చేయదలచినవారికి పని కొల్లలుగా ఉన్నది. ఊరి పటం గీసి, పల్లపు వాడలను, మెరకను, పక్కా భవనాలను గుర్తించవచ్చు. ఇంటింటికీ తిరిగి ఒంటరి వృద్ధులు, గర్భిణులు, నడవలేనివారి వివరాలు రాసి, వారిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క సేవకుని కేటాయించవచ్చు. వానాకాలానికి ముందే కాలువలో చెత్త తీయించమని పంచాయతీని కోరవచ్చు. కోరినా కదలకపోతే మళ్లీ కోరవచ్చు. రేషను కార్డు, పట్టాదారు పుస్తకం వంటి పత్రాలను ప్లాస్టిక్ సంచిలో భద్రపరచుకోమని ప్రతి ఇంటికీ చెప్పవచ్చు. సెల్‌ఫోనుకు వచ్చిన ప్రతి వదంతినీ పదిమందికి పంపకుండా, నిజమేదో తెలుసుకొని చెప్పే అలవాటు చేసుకోవచ్చు. వీటిలో ఏదీ వార్తలకు ఎక్కదు. ఎవరూ శాలువా కప్పరు. ఆపద తప్పిపోయిన నాడు అది తప్పినట్లే ఎవరికీ తెలియదు. ముందుచూపుతో చేసే సేవకు ఉన్న కష్టం ఇదే, దాని గొప్పతనమూ ఇదే.

ఏటా నవంబరు 19న దివిసీమ తన మృతులను స్మరించుకొంటుంది. పువ్వులు, దీపాలు, మౌనం ఆ రోజుకు తగినవే. కాని ఆ మృతులకు అర్పించదగిన నివాళి మరొకటి ఉన్నది. తీరాన ఉన్న ప్రతి ఊరిలోనూ ఆనాడు ఒక గంట మోగాలి. బడిపిల్లలు మొదలు అవ్వాతాతల వరకు అందరూ లేచి, ఆశ్రయ భవనం వరకు నడిచి చూడాలి. ఎవరి నడక ఎంతసేపు పట్టిందో, ఎవరిని మోయవలసి వచ్చిందో, ఏ తలుపు తాళం ఎవరి దగ్గర ఉన్నదో లెక్క చూసుకోవాలి. సముద్రం మళ్లీ వస్తుంది. ఎప్పుడు వస్తుందో నిర్ణయించే శక్తి మనిషికి లేదు. వచ్చినప్పుడు ఊరు నిద్రపోతూ ఉండాలా, మేలుకొని ఉండాలా అన్నది మాత్రం ఆ ఊరి యువతీయువకుల చేతిలోనే ఉన్నది.